మా సారు ఆడించిన రాజు

కంప్యూటర్‌ను నమ్మి మోసపోయినవాళ్లుంటారు; నేను తువ్వాలును నమ్మాను. తొంభైలలో శంషాబాద్ కంప్యూటర్ సెంటర్‌లో తలుపువైపు వీపు తిప్పి ఉండే మా సారు ఎత్తు కుర్చీ మీద తువ్వాలుంటే ఆయన ఉన్నట్టే లెక్క. ఆయన దగ్గర ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్నాను; పై వారమే బుద్వేల్‌లో నా ఉద్యోగ పరీక్ష. అయినా గురువుగారి ఆటకు అడ్డు రాకూడదని అద్దం తలుపు బయటే కూర్చునేవాణ్ని. తెర మీద కంప్యూటర్ ఆటలోని రాజు కాసేపు కట్టెలు కొట్టి, ఉన్నట్టుండి నీళ్లు తోడి, అంతలోనే గోడ కట్టేవాడు.

ఒకరోజు సారు వీధిలోంచి వచ్చి నా భుజం తట్టారు. లోపల రాజు నీళ్లు తోడుతూనే ఉన్నాడు!

"ప్రోగ్రాం రాసిన, తమ్మీ! అదే ఆడుకుంటది. రాజు ఒక్కటే పని చేస్తే, నేను సీట్ల లేనని సెంటర్ ఓనర్‌కు డౌటొస్తది. అందుకే ఏది తోస్తె అది చెయ్యమన్న. మనిషి గట్లనే ఉంటడు గద!"

"మరి నా పాఠమండీ?"

"జర ఆగు, ఇగ వస్తున్న" అంటూ ఆరాంఘర్ బస్సెక్కారు.

ఆ మధ్యాహ్నం లోపలికెళ్లి, సారు ప్రోగ్రాంలో పై లైను చూసి కాపీ కొట్టి, రాజు పనుల్లో ఇంకొకటి చేర్చాను: కోట తలుపు తీయడం. తెల్లారేసరికి ఆటలో కోటలోని ధాన్యమంతా దొంగలపాలు.

"ఏంది పరేషాన్! కూసో తమ్మీ, ఒక్కొక్క లైన్ చూద్దం" అని సారు మొదటినుంచీ విడమరిచి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన లేవకుండా టీ అక్కడికే తెప్పించాను.