పాలవ్యానుకు దారి వెతికిన రోజులు

కాలేజీ ప్రాజెక్టులో నెమ్మదిగా నడిచే పద్ధతినే నేను ఎందుకు పట్టుకుని వేలాడానో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. సరైన జవాబు కోసమని డైరీలో కూడా రాసుకున్నాను. నిజం అది కాదు. కంప్యూటర్ వెతుకుతున్నంతసేపూ నా స్నేహితురాలు పక్క కుర్చీలో కూర్చుని ఉండేది.

తమిళనాడులోని ధర్మపురిలో మా చివరి సంవత్సరం అది. మా ఇద్దరి చేతికీ ఇంకా సెల్‌ఫోన్ రాలేదు. ల్యాబులో అందరిదీ తమిళం. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే. ఆమెది బొమ్మిడి, మాది నల్లంపల్లి. తరగతిలో నోరు విప్పని నేను ఆమెతో మాత్రం ఆగకుండా మాట్లాడేదాన్ని. పరీక్షలు కాగానే ఆమె బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోతుంది.

మా ప్రాజెక్టు పాలవ్యానుకు దారి వెతకడం. వ్యాను ధర్మపురిలో బయలుదేరి, ఊళ్లన్నీ తిరిగి పాలు ఎత్తుకుని, వీలైనంత తక్కువ దూరంలో తిరిగి రావాలి. ఏ ఊరి తర్వాత ఏ ఊరు అన్న వరుసలన్నీ ఒక్కటీ వదలకుండా చూడటం నా పద్ధతి. తప్పు రాదు, కానీ ఒక్క ఊరు చేరిస్తే చాలు, సమయం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆమెది అంచనా పద్ధతి. ఉన్నచోటికి ఏ ఊరు దగ్గరో అక్కడికి పోవడం, అక్కణ్నుంచి మళ్లీ అలాగే. రెప్పపాటులో ముగిసేది. కాకపోతే తుంబలహళ్లి అనే ఊరు ఒక్కోసారి ఒంటరిగా మిగిలిపోయేది. దానికోసం వ్యాను జిల్లా ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి.

"పోతే పోనీలేవే. నీ ప్రోగ్రాం ముగిసేలోపల పాలు పెరుగైపోతాది," అనేది.

"పెరుగైనా సరైన దారిలో వస్తాది."

"వచ్చి ఎవురికి పోస్తావు, రాబోయే మీ అత్తకా?"

నేను నవ్వి ఇంకో ఊరు చేర్చేదాన్ని. ఆమె వేయించిన సెనక్కాయలు తీసేది. ల్యాబులో తినకూడదు. పుస్తకం చాటున తింటూ, వాళ్ల అవ్వ తిట్లన్నీ అవ్వ గొంతుతోనే వినిపించేది.

ప్రాజెక్టు చూపించే ముందురోజు, వెతుకులాట సగంలో ఉండగా కరెంటు పోయింది. చూసినవన్నీ పోయాయి. కరెంటు వచ్చాక సారు వచ్చి, ఊళ్లన్నీ ఉండాలి, సాయంత్రానికి జవాబు చేతికి రావాలి అన్నారు. నా పద్ధతి మళ్లీ మొదలుపెడితే అప్పటికి ముగియదు. మార్కులు తగ్గితే ఆమె ఉద్యోగం నిలవదు.

"చెప్పవే. నువ్వు ఎట్ల చెప్తే అట్ల," అంది.

"నీదే పెట్టు," అన్నాను.

మీట నొక్కింది. నేను కుర్చీ జరుపుకునేలోపే జవాబు వచ్చేసింది. దారి కాస్త చుట్టే, అయినా సారు ఒప్పుకున్నారు. ఆ కంప్యూటర్ వేరేవాళ్లకిచ్చేశారు.

ఆమె బెంగళూరు బస్సెక్కిన రోజు బస్టాండుకు వెళ్లాను. ఆమెకు తెలుగు చదవడం రాదు గనక జాబులు తమిళంలో రాస్తానన్నాను. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. ఆమె నోట నేను విన్న చివరి మాటలు అవే.

"తెలుగులోనే రాయవే! అచ్చరాలు నేర్చుకొని చదువుకొంటా. ఎన్ని దినాలు పట్టినా పట్టనీ!"