ముద్దాయి గారి ప్లీడరు

గత గురువారం ఉదయం నిడదవోలు స్టేషన్లో పాసింజరు దిగాను. చేతిలో కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్ళ సంచి ఉంది. రిక్షా స్టాండులో తెలిసినతను ఎదురొచ్చి, "ప్లీడరు గారింటికేనాండి? తెల్లారగట్ల పోయారండి ఆయన" అన్నాడు. ఏ ప్లీడరు అని నేను అడగలేదు. ఆ ఊళ్ళో నల్లకోటు వేసుకునేవారు పాతికమంది ఉన్నా, ప్లీడరు గారంటే భాస్కరరామయ్య గారొక్కరే. సంచి పక్కన పెట్టుకుని అక్కడే సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. ముందు ఆదివారమే ఫోన్లో "పళ్ళు మగ్గితేనే రండి, పచ్చివి తెస్తే ఊరుకోను" అని కసిరిన మనిషి నాలుగు రోజులు ఆగలేకపోయారా అని, చెప్పొద్దూ, ఆయన మీద కోపం వచ్చింది. ఏడుపు ఆ తరువాత వచ్చింది.

ఆ మహనీయుని గురించి రాయడానికి నాకున్న అర్హత కాస్త విచిత్రమైనది. నేను ఆయన బంధువును కాను, శిష్యుణ్ణి కాను, న్యాయశాస్త్రం గడప తొక్కినవాణ్ణి కాను. పన్నెండేళ్ళ కిందట ఒక కేసులో ఆయన అడ్డుప్రశ్నలు వేసిన ప్రాసిక్యూషన్ సాక్షిని. నన్ను ఓడించిన మనిషికి నేను నివాళి రాస్తున్నాను. నాకందులో నామోషీ ఏమీ లేదు.

భాస్కరరామయ్య గారు పెనుగొండ దగ్గర పల్లెలో కలిగిన రైతు కుటుంబంలో పుట్టారు. సివిలు దావాలు పట్టుకుని ఉంటే మేడలు లేచేవని తోటి ప్లీడర్లు అనేవారు. ఆయన మాత్రం చేతిలో పైసా లేని ముద్దాయిల వకాల్తాలు పుచ్చుకుని, వాన వచ్చినప్పుడల్లా కారే పెంకుటింట్లో జీవితమంతా గడిపారు. మా గోదావరి వాళ్ళం కూరగాయలమ్మేవాణ్ణి కూడా "ఎంతండీ" అని అడుగుతాం. అంత మర్యాదస్థులమూ చేతికి బేడీలు పడ్డ మనిషిని చూడగానే "ఒరే" లోకి దిగిపోతాం. ఆయన దిగేవారు కాదు. నిండు కోర్టులో "మా ముద్దాయి గారు" అనేవారు. బార్ రూమ్‌లో దాన్ని పట్టుకుని ఆయనకు 'ముద్దాయి గారి ప్లీడరు' అని పేరు పెట్టి ఆటపట్టించారు. "తీర్పు వచ్చేదాకా ఆయన గారేనండి. వచ్చాక కూడా గారు తీసెయ్యమని సెక్షనేదీ లేదు" అని ఆయన నశ్యం పీల్చి తుమ్మేవారు.

అరెస్టయిన మనిషిని రిమాండుకు తెచ్చినప్పుడు, పోలీసులు కొట్టారా అని మేజిస్ట్రేటు అడగాలి. ముద్దాయి పక్కనున్న కానిస్టేబులు మొహం ఓసారి చూసి, లేదండి అంటాడు. ఆ తంతు అరనిమిషంలో ముగిసిపోయేది. భాస్కరరామయ్య గారు లేచి, కానిస్టేబుళ్ళను వరండాలోకి పంపించి అప్పుడు అడగండని ప్రార్థించేవారు. ఒక మేజిస్ట్రేటు గారు విసుక్కుని, పంపితే మాత్రం తేడా ఏముంటుందన్నారట. తేడా లేనప్పుడు పంపడానికి అభ్యంతరం ఉండకూడదు కదా అని ఈయన వినయంగా మనవి చేశారట. పంపారు. తలుపు అవతలికి బూట్ల చప్పుడు వెళ్ళాక ఆ ముద్దాయి చొక్కా విప్పి వీపు చూపించాడు. ఆ కోర్టులో అటుపైన ఆ ప్రశ్న తలుపు వేసే అడిగేవారని బంట్రోతు నాతో చెప్పాడు.

ఆయన నిర్దోషులను మాత్రమే కాపాడారని రాస్తే ఆయనే నన్ను క్షమించరు. ఒకసారి ఆయన విడిపించిన దొంగ మూడు నెలలు తిరక్కుండా మరో ఇంట్లో సొమ్ముతో సహా దొరికాడు. బార్ రూమ్ అంతా పకపకా నవ్వింది. ఈయన నవ్వనూ లేదు, చిన్నబోనూ లేదు. ఈసారి సక్రమంగా పట్టుకున్నారు కాబట్టి శిక్ష పడుతుందన్నారు. పడింది. ఆ కేసులోనూ వాడి తరఫు ప్లీడరు ఆయనే. "రాజ్యాంగం మంచివాళ్ళ కోసమే అయితే అంత లావు పుస్తకం ఎందుకండి?" అన్నది ఆయన తరచు చెప్పిన మాట.

ఇక నా సంగతి. అప్పుడు నేను మా ఊరి గ్రామ పరిపాలనాధికారిని, జనం నోట్లో ఇంకా కరణం గారినే. రైసుమిల్లు కాపలాదారు తల ఇనపరాడ్డుతో పగలగొట్టి ఎవరో మోటారు ఎత్తుకుపోయారు. పోలీసులు మాలపేట ఏసుబాబును పట్టుకున్నారు. పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు, రోజుకూలి. నేరం రుజువైతే అతను పదేళ్ళు జైలుకు పోతాడు. పోలీసుల ముందు ముద్దాయి ఏం ఒప్పుకున్నా కోర్టులో చెల్లదు. ఒప్పుకున్నదాన్నిబట్టి వస్తువు దొరికితే మాత్రం ఆ మేరకు చెల్లుతుంది. ఆ దొరకడాన్ని మేం కళ్ళారా చూశామని ఇద్దరు ఊరివాళ్ళు సంతకాలు పెట్టే కాగితమే మధ్యవర్తుల రిపోర్టు. ఎస్సై గారు కబురంపారు. నేను స్టేషనుకు వెళ్ళాను, కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. స్టేషన్లో కాగితాలు రాసే రైటరు వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టి వచ్చేశాను. అందులో తప్పుందని నాకు తోచనే లేదు. నాకు ముందున్నాయన అలాగే పెట్టాడు, పక్క ఊరాయన అలాగే పెడుతున్నాడు.

కేసు విచారణకొచ్చింది. ప్రభుత్వ ప్లీడరు అడిగినవాటికి రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. ముద్దాయి మా సమక్షంలో రొమ్ములోతు నీళ్ళలో కాలువలోకి దిగి, మునిగి, గుడ్డ చుట్టిన ఇనపరాడ్డు తీసి ఇచ్చాడని చెప్పాను. అప్పుడు భాస్కరరామయ్య గారు లేచారు. ఆయన చేతిలో లా పుస్తకం లేదు, అట్టలూడిన నోటుబుక్కు ఉంది. బస్సుల వేళలు, అమావాస్య పున్నాలు, నరసాపురం రేవులో పోటూపాటూ, కాలువలు వదిలిన రోజులు అన్నీ అందులో రాసుకునేవారని తరువాత తెలిసింది. లా పుస్తకాలు అవతలివారి దగ్గర కూడా ఉంటాయి కదా అనేవారు.

"కాలువకు నీళ్ళు కట్టేసేముందు మీ ఊళ్ళో దండోరా వేయించేది మీరేనాండి?" అని అడిగారు.

నేనేనండి అన్నాను, కాస్త గర్వంగానే.

"ఆ ఏడు ఎప్పుడు వేయించారండి?"

ఏప్రిల్ ఆఖరివారంలో అని చెప్పాను. చెబుతుండగానే నా తప్పు నాకే కనబడింది. రిపోర్టు మీద ఉన్నది మే నెల. మా డెల్టాలో పసివాడిక్కూడా తెలుసు, మే నెలలో కాలువలో పిల్లలు గోళీలాడుకుంటారు. రైటరు ఏ వానాకాలపు కేసులోంచో మక్కికి మక్కి దించేశాడు. ఏటా దండోరా వేయించే నేను చదవకుండా సంతకం పెట్టాను.

"రిపోర్టు రాసిన రోజున కాలువలో నీళ్ళు ఎంత ఉన్నాయండి?"

ఎదురుగా ఎస్సై గారు నన్నే చూస్తున్నారు. ఇటు బోనులో ఏసుబాబు నన్ను చూడటం లేదు, తల వంచుకుని నిలబడ్డాడు. నాకు ఉద్యోగం కళ్ళముందు ఆడింది. అబద్ధం చెబితే ఊరంతా నవ్వుతుంది, నిజం చెబితే ఎస్సై గారు ఊరుకోరు.

"చెప్పు తడవదండి" అన్నాను.

ఇంకేం ప్రశ్నలు లేవని ఆయన కూర్చున్నారు. అక్కడితో నేనూ దిగిపోవచ్చు. దిగలేకపోయాను. నేనారోజు కాలువ గట్టు మీదికి వెళ్ళనే లేదని, స్టేషన్లో కూర్చుని సంతకం పెట్టానని జడ్జి గారితో చెప్పేశాను.

ఏసుబాబు విడుదలయ్యాడు, నేను సస్పెండయ్యాను. వరండాలో భాస్కరరామయ్య గారు నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. చెడామడా తిట్టారు. "మిమ్మల్ని మీరు ఇరికించుకునే మాట అడక్కుండా ఎందుకు చెప్పారండి? నేను అక్కడితో ఆపింది మీ కోసమే కదా" అన్నారు. తన కక్షిదారుకు వ్యతిరేకంగా వచ్చిన సాక్షి సైతం తనను తాను పట్టివ్వనక్కరలేదని ఆ క్షణంలో ఆలోచించగలిగిన మనిషి ఆయన. తిట్టడం పూర్తయ్యాక నా సంజాయిషీ తనే రాస్తానన్నారు. "రేపొద్దున్నే రండి, ముద్దాయి గారూ" అన్నారు. ఒక ఇంక్రిమెంటు పోయింది కానీ ఉద్యోగం నిలబడింది. ఫీజు మాటెత్తితే మళ్ళీ తిట్టారు. అందుకే ఏటా మామిడిపళ్ళు.

ఆయనలో లోపాలు లేవని కాదు. ముక్కుమీద కోపం. చదరంగంలో ఓడితే బల్ల తన్ని లేచేవారు. జూనియర్లు ఏడాది నిలిస్తే గొప్ప. కానీ ధైర్యం విషయంలో, ఎదుటి మనిషిని మనిషిగా చూడటంలో ఆయనకు సాటి రాగలవారిని ఈ రెండు జిల్లాల్లో నేను చూడలేదు, చూస్తానన్న ఆశా లేదు.

కిందటి వేసవిలో ఆయన అరుగు మీద కూర్చున్నప్పుడు, ఎన్నో ఏళ్ళుగా మనసులో నలుగుతున్న ప్రశ్న అడిగేశాను. ఏసుబాబు నిజంగా ఆ నేరం చేశాడంటారా అన్నాను. ఆయన నశ్యం డబ్బీ మూత బిగించారు.

"నేనెప్పుడూ అడగలేదండి. మీరడిగారా, సంతకం పెట్టేముందు?" అన్నారు.

అడగలేదు. ఒక మనిషి బతుకులో పదేళ్ళు టీ తాగుతూ రాసిచ్చేశాను. పగిలిన కాపలాదారు తలకు బాధ్యుడెవరో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అసలువాణ్ణి వెతకాల్సిన అవసరం లేకుండా చేసిన కాగితంలో నా చేవ్రాలు కూడా ఉంది. ఆ సంగతి నాకు తెలియజెప్పి నన్ను మనిషిని చేసిన భాస్కరరామయ్య గారికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఈ ప్రాంతంలో కాగితాలు రాసేవారికీ, సంతకాలు పెట్టేవారికీ ఎన్నడూ లోటు రాదు. మీరా రోజు గట్టు మీద ఉన్నారాండీ అని లేచి అడిగేవారొకరు ఉండేవారు. గురువారం నుంచి లేరు.