అలివి వలకు కట్టిన దీపాలు

మూడేళ్ల కిందటి డిసెంబరు. బందరు దగ్గర సముద్రపు ఒడ్డున ఒక ఉత్సవానికి దీపాల పని ఒప్పుకున్నాను. మాది గుడివాడ. పెళ్లి పందిళ్లకి సీరియల్ బల్బులు కట్టడంతో మొదలుపెట్టి ఇరవై రెండేళ్లుగా ఇదే పని. అప్పటికి ఒళ్లూ బుర్రా రెండూ అరిగిపోయి ఉన్నాయి. ఈ ఒక్కటీ చేసి మానేస్తానని ఇంట్లో చెప్పే వచ్చాను. ఆ మాట అంతకుముందు కూడా రెండు మూడుసార్లు చెప్పాననుకోండి.

ఆ పనిని మా వాళ్లు ఇంటరాక్టివ్ ఇన్‌స్టలేషన్ అంటారు. చూడటానికొచ్చినవాళ్లు ఏదో ఒకటి చేస్తేనే దీపాలు వెలుగుతాయి. నేను ఎంచుకున్నది అలివి వల. ఒడ్డున నిలబడి పదిమంది తాళ్లతో లాగే పెద్ద వల అది. దాన్ని గుంజలకి ఎత్తుగా వేలాడదీసి, కన్నుకన్నుకీ ఎల్‌ఈడీలు కట్టాం. కింద కప్పీల మీద గుండ్రంగా తిరిగే తాడు. తాడు వెంబడి పది చెక్కలు, ఒక్కో చెక్క కింద లోడ్ సెల్, అంటే బరువును కనిపెట్టే పరికరం. పదిమందీ పది చెక్కల మీద నిలబడి తాడు లాగుతుంటే వెలుగు వల అడుగు నుంచి పైకి పాకుతుంది. ఒక్కరు దిగినా మొత్తం ఆరిపోతుంది. అందరూ కలిస్తేనే వెలుగు అని కాగితం మీద రాసుకుని ఎంత మురిసిపోయానో!

వల నాగమ్మ గారిది. అరవై దాటిన మనిషి. ఆవిడ భర్త ఆ వల జట్టుకి పెద్ద. అప్పటికి ఆయన పోయి ఏడాదైంది. ఆ తర్వాత జట్టు చెదిరిపోయి వల పాకలో పడి ఉంది. ఇచ్చేటప్పుడు ఆవిడ ఒకే మాట అంది.

"వెలిగితే పైదాకా వెలగాలమ్మాయ్. నలుగురి ముందూ మధ్యలో ఆరిపోతే నేను చూళ్లేను. ఆయన పోయినప్పుడు చూసింది చాలు. వల దింపుకుని పట్టుకుపోతా."

ఉత్సవానికి ముందురోజు సాయంత్రం ట్రయల్ పెట్టాం. పాత జట్టులో పదిమందిని ఆవిడే పోగేసుకొచ్చింది. తాడు పట్టి లాగారు. వెలుగు మూడు బారలు ఎక్కి ఠపీమని ఆరిపోయింది. మళ్లీ లాగారు, మళ్లీ ఆరింది. ఏంటా అని చూస్తే, చివర ఉన్నాయన తాడు వదిలేసి తాపీగా నడుచుకుంటూ ముందుకి వెళ్తున్నాడు.

"బాబాయ్, దిగకండి! ఎవరి చెక్క మీద వాళ్లుండాలండీ!" అని గొంతు చించుకున్నాను.

సరేనంటారు. నాలుగుసార్లు లాగేసరికి అడుగులు వాటంతటవే వెనక్కి పడతాయి, చివరివాడు దిగిపోతాడు. ఏడుసార్లు ఆరింది. నాగమ్మ గారు గుంజ దగ్గరికెళ్లి వల కట్టిన ముడి తడమడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఈ జనంతో ఏ పనీ కాదు అని కూడా అనుకున్నాను, సిగ్గు లేకుండా.

మా వైరింగ్ మేస్త్రి ఇస్సాకు గారు, "ఎందుకు దిగుతున్నారో వాళ్లనే అడుగుదామండి," అన్నాడు. నేను వినిపించుకోలేదు. చివరికి ఆయనే వెళ్లి నాగమ్మ గారిని అడిగాడు. ఆవిడ వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వెప్పుడన్నా వల లాగావా?"

"లేదండీ."

"లాగేవాడు వెనక్కి నడుస్తాడు. చివరికొచ్చినోడు తాడొదిలి నీళ్ల దగ్గరికెళ్లి మళ్లీ ముందు పట్టుకుంటాడు. ఆ నడిచిన కాసేపే వాడికి ఊపిరి. ఒక్కడూ వదలకూడదంటే వల ఒడ్డుకెట్టా వస్తదే, పిచ్చిమొహమా!" అని, నా ఒళ్లో లాప్‌టాప్ వంక చూసింది. "నువ్వూ అంతేగా. పొద్దుట్నుంచి ఆ పెట్టె వదల్లేదు. అసలు అన్నం తిన్నావా?"

తినలేదు.

మర్నాడు పొద్దున్నే చెక్కలన్నీ పీకించేశాను. కప్పీకి ఒక సెన్సర్ బిగించి, తాడు కదులుతున్నంతసేపూ వెలుగు ఉండేలా ప్రోగ్రామ్ మార్చాను. ఎవరు పట్టుకున్నారో, ఎవరు వదిలారో దానికి అక్కర్లేదు.

పొద్దుగూకుతుండగా జట్టు మొదలుపెట్టింది. చూడటానికొచ్చినవాళ్లూ వరసలో కలిశారు. వెలుగు మెల్లగా పైకి, వల కొసదాకా వెళ్లింది. నాగమ్మ గారు కొస వెలిగేదాకా చూసి కొంగు నడుముకి దోపుకుంది. తర్వాత వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"రా, నువ్వూ ఒక చెయ్యెయ్యి."

లాప్‌టాప్ ఇస్సాకు గారికిచ్చాను. షో నడుస్తుండగా దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం నాకు అదే మొదలు.

ఈ పని నేనింకా మానేయలేదు. ఇప్పుడు ఏ డిజైన్ గీసినా, అలిసిన మనిషి వదిలితే ఏమవుతుందో ముందు చూసుకుంటాను. ఆ సాయంత్రం మాత్రం, లాగుతూ లాగుతూ వెనక్కి నడిచి తాడు చివరికొచ్చాక కూడా నా వేళ్లు విడివడలేదు. భుజాలు పీకేస్తున్నా పట్టుకునే ఉన్నాను. ముందు నుంచి నాగమ్మ గారు కేకేసింది.

"వదులమ్మాయ్! వదిలి ఇటు రా!"

వదిలాను. భయంభయంగా తలెత్తి చూశాను. ఆరలేదు.