మంద పడుకోని నేల

"సెల్లీ, మేకలు పడుకోడం నేదు. ఓపాలొచ్చి సూడు" అని మా అన్న లక్కయ్య ఫోన్ చేశాడు. ఇంకేమీ చెప్పలేదు. నేను విశాఖపట్నంలో ఒక హాస్టల్లో వంట చేస్తాను. వైశాఖంలో పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోతారు కనుక సెలవు సులువుగానే దొరికింది. మర్నాడు పొద్దున్నే పాసింజరు బండికి పలాస టిక్కెట్టు తీసుకున్నాను.

మేం సవరలం. మా ఊరు మందస పైన కొండల్లో. ఏటా ఎండాకాలం కొండమీద మేత అయిపోగానే మందను ఉద్దానం కొబ్బరితోటల్లోకి దించుతాం. పగలు మేపి, పొద్దువాలాక తోటలో తడికలు కట్టి అందులోకి తోలుతాం. ఎరువు రైతుకి, అతనిచ్చే చోళ్ళు, అదే రాగులు, మాకు. వానలు మొదలయ్యాక కొత్త పంట వచ్చేవరకు మావాళ్ళు తాగే అంబలి ఆ చోళ్ళదే.

దీనికొక కట్టుబాటు ఉంది. తెల్లవారగానే రైతూ కాపరీ కలిసి పడక చూడాలి. మేక పడుకుని లేచిన చోట ఇసుకలో గుంట పడుతుంది. గుంటలుంటే గింజలు కొలుస్తారు. మంద నిలబడే తెల్లవార్చిందంటే ఆ నేలను ఒప్పుకోలేదని అర్థం. ఆ నేల గింజలు తినకూడదు. మా అమ్మ కాలంలో అలాంటి ఉదయం ఒక్కటీ నేను చూడలేదు.

బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, స్టేషను బోర్డులు చదవకుండా ఉండలేను. శ్రీకాకుళం రోడ్డులో ఒకామె ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. పలాసలో జీడిపిక్కలు కొట్టే పని అట. పిక్కల రసానికి ఆమె వేళ్ళు నల్లబడి ఉన్నాయి. ఈ ఏడు ఎండకు పూత మాడిపోయిందనీ, వారానికి సగం రోజులే పని ఉంటోందనీ చెప్పింది.

"ముందర కూకుని కబుర్లాడుకుంటా కొట్టీవోళ్ళం. ఇప్పుడు మిసనీకాడ నిలబడాల. నిలబడ్డానికీ పిక్కల్నేవు" అని నవ్వింది.

నౌపడ దగ్గర ఉప్పుమళ్ళు తెల్లగా మెరుస్తూ వెనక్కి పోయాయి. పలాసలో దిగేసరికి పదకొండు. స్టేషను బయట హోటల్లో భోజనం చేశాను. సాంబారు బాగుంది, మంచినీళ్ళు మాత్రం సీసా కొనుక్కోవడం మేలు. సముద్రంవైపు వెళ్ళే ఆటోలు మనుషులు నిండితేనే కదులుతాయి. నా వంతు వచ్చేసరికి ఒంటిగంట అయింది.

జీడితోటల్లోకి రాగానే డ్రైవరు పాట ఆపేశాడు. ఎందుకు ఆపావని అడిగాను.

"ఇక్కడికొచ్చీసరికి మరీ గట్టిగా ఇనిపిత్తాదమ్మా. బాగోదు."

అప్పుడు గమనించాను. పిట్ట కూత లేదు, కీచురాయి లేదు. ఆకు కదలడం లేదు. తోటలు దాటాక కొబ్బరిచెట్లు వచ్చాయి. వెనకటి తుఫానుకు తలలు పోయిన మొండేలు వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి. నరకడానికి కూలీ గిట్టక ఎవరూ ముట్టుకోలేదట.

మా మంద దిగిన తోట దానయ్యది. వాళ్ళ నాన్న, మా నాన్న నేస్తం కట్టుకున్నవాళ్ళు. అందుకే ఆయన మా అన్నను ఇప్పటికీ నేస్తం అనే పిలుస్తాడు. వదిన సుక్కమ్మ నాకు అంబలి పోసింది. పలచగా ఉంది, గిన్నె అడుగు కనిపించింది. నేను చూశానని ఆమెకు తెలిసింది. ముఖం తిప్పుకుంది.

పొద్దువాలుతుండగా అన్న మందను తోలుకొచ్చాడు. అన్ని మేకలు వస్తున్నా అరుపు లేదు. తడికల్లోకి వెళ్ళి, దేనికదే కొండలవైపు తిరిగి నిలబడింది. ఒక్కటీ నెమరు వేయడం లేదు.

నేను దానయ్య అరుగు మీద పడుకున్నాను. తెల్లవారి లేచి వెళ్ళేసరికి మేకలు నేను వదిలినట్టే ఉన్నాయి. వాటిని బయటికి తోలాక ముగ్గురం ఇసుక చూశాం. గుంటలు లేవు. గిట్టల గుర్తులే, నాటిన గుంజలు పీకినట్టు లోతుగా ఉన్నాయి. అన్నీ కొండలవైపే. నేను వంగి అరచెయ్యి ఆనించాను. సూర్యుడు ఇంకా రాలేదు, ఇసుక వెచ్చగానే ఉంది.

దానయ్య చాలాసేపు తల గోక్కున్నాడు. "నాను సూడనేదనుకో నేస్తం. గింజలు పట్టుకెల్లు" అన్నాడు.

"నువ్వు సూడకపోతే నేల సూడదేటి?" అన్నాడు మా అన్న.

ఆ పగలంతా వదిన అన్నతో మాట్లాడలేదు. కొండమీద చోళ్ళు కిందటేడు వానలు తప్పి పోయాయని, ఈ గింజలు లేకుండా పైకి వెళితే ఆషాఢం దాటలేమని నాతో చెప్పింది. అన్నకూ అది తెలుసు.

రెండో ఉదయం ఇసుకలో గుంటలున్నాయి. అన్న ముఖం వెలిగింది. తడిక తీసి లోపలికి నడిచాడు, రెండు మూడు గుంటలు చూసి ఆగిపోయాడు. గుంటలన్నీ ఒకే పొడవున్నాయి. ఏ గుంటలోనూ మడిచిన మోకాలి గుర్తు లేదు. వెనక వస్తున్న దానయ్య ఒక గుంట దగ్గర కూర్చుని ఇసుకలోంచి ఎర్రటి ముక్క తీశాడు.

"నేస్తం, మీ మేకలు గాజులేసుకుంటన్నాయి" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది, వెంటనే సంగతి అర్థమైంది. రాత్రి మేకలు చుట్టూ నిలబడి చూస్తుండగా వదిన ఆ వేడి ఇసుక మీద ఒకచోట పడుకుని, లేచి, ఇంకోచోట పడుకుంది. తడిక బయట నిలబడిన ఆమె జుట్టునిండా ఇసుకే.

"మడిసి పడుకున్న నేలకి గింజలుండవేటి?" అని అడిగింది.

దానయ్య మా అన్నవైపు చూశాడు. అన్న తడికలు విప్పడం మొదలుపెట్టాడు. ఇస్తానన్న దానయ్య చేతిని అలా ఒట్టిగా తిప్పినందుకు అన్నమీద నాకు కోపం వచ్చింది. కాని అమ్మ ఉన్నా అదే చేసేది.

మంద ఒప్పుకునే నేలకోసం తీరం వెంట దక్షిణంగా నడిచాం. సంతబొమ్మాళి దిక్కు తోటలు కొంచెం చల్లగా ఉంటాయని ఎవరో చెప్పారు. తోటతోటకూ అడిగాం. కొందరు లారీ ఎరువు వేసుకున్నామన్నారు. కొందరి బావుల్లో నీళ్ళు ఉప్పెక్కాయి, మేకలు మూతి పెట్టి వెనక్కి తీశాయి. ఇద్దరు రైతులు తడికలు కట్టనిచ్చారు. రెండుచోట్లా గిట్టల గుర్తులే. ఈ దారిన వచ్చేవాళ్ళు పొద్దున్నే నడిచి మధ్యాహ్నం ఏదైనా పాకలో ఆగడం మంచిది. మమ్మల్ని పిలిచి మజ్జిగ పోసిన ఒక మత్స్యకారుల ఇంట్లో మేం ఆగాం.

నౌపడ చేరేసరికి పొద్దు కుంకుతోంది. ఉప్పుమళ్ళ అంచున గడ్డిపోచ లేని బురదనేల, పైన తెల్లటి పొర. అక్కడ మంద ఆగింది. ముందు నడిచే ముసలి మేక ముంగాళ్ళు మడిచింది. దాని వెనక మరొకటి. చూస్తుండగానే, ఎవరో చెయ్యి వేసి అణచినట్టు, మంద మొత్తం చప్పుడు లేకుండా కిందికి దిగిపోయింది. చేరువగా ఉప్పు పోగుచేస్తున్న ఒకతను పార ఆపాడు.

"ఈటినిక్కడికి తెచ్చినారేటి? ఈ నేల్లో ఏటీ మొలవదు."

మా అన్న ముసలి మేక పక్కనే కూర్చున్నాడు.

తెల్లవారి మేకలు లేచాయి. తడి నేలలో గుంటలు స్పష్టంగా, ఎన్నో. అన్న అలవాటుగా వాటి మధ్యకు నడిచి, తలెత్తి, పడక చూడవలసిన రెండో మనిషికోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. ఉప్పుమళ్ళ మీద ఎవరూ లేరు. ఎంతకీ ఎవరూ రాకపోతే నేనే వెళ్ళి పక్కన నిలబడి చూశాను.

అక్కడే నిర్ణయమైంది. అన్న మందతో కొండ ఎక్కుతాడు. వదిన వానలు తగ్గేవరకు పలాసలో పిక్కల పనికి పోతుంది. బండిలో జీడిపిక్కలు కొట్టే ఆమె చెప్పింది నేను వదినకు చెప్పాను. సగం రోజుల పనైనా గంజి వస్తుంది కదా అంది. నా దగ్గరికి రమ్మంటే, కొండ కనబడని ఊళ్ళో ఉండలేనంది.

ఇద్దరం ఆటోలో టెక్కలి వచ్చాం. బస్టాండులో ఇడ్లీ తిన్నాం. పలాస బస్సు ముందు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి వదిన వెనక్కి తిరిగింది.

"ఓలమ్మీ, ఆ పని కూకునా, నిలబడా?"

"నిలబడే" అన్నాను.

తల ఊపి ఎక్కింది.

నా బస్సు పది గంటలు దాటాక వచ్చింది. కూర్చునే చోటు లేదు. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో జనం కిక్కిరిసి ఉన్నారు. ఎండకు కడ్డీ పట్టుకోలేనంత కాలింది. టెక్కలి దాటాక కండక్టరు కూడా అరవడం మానేశాడు. కొంతదూరం వెళ్ళాక చూశాను. అంతమందిలో ఎవరూ మాట్లాడడం లేదు. నాతోపాటు నిలబడినవాళ్ళందరూ, కిటికీల్లోంచి దూరంగా కనిపిస్తున్న కొండలవైపే ముఖాలు తిప్పి ఉన్నారు.