తెర మీద పాడిన తాండూరు గని

మా వికారాబాదుకు వచ్చిన టూరింగ్ టాకీసులో అసలు సినిమాకు ముందు ఒక చిన్న చిత్రం వేస్తున్నారు. పనిచేస్తూ పాడుకునే పాటల మీద తీసింది. పోర్చుగల్‌లో వలలు లాగేవాళ్ళు, ఇటలీలో ద్రాక్ష కోసేవాళ్ళు, నార్వేలో దుంగలు మోసేవాళ్ళు. చివర, నమ్మండి, మన తాండూరు గనిలో నాపరాయి ఎత్తే ఆడవాళ్ళు! వాళ్ళ పాట మధ్యలోనే తెగిపోయింది. మిగతాది వినాలనిపించింది. ఇటలీకి వెళ్ళలేను గాని, తాండూరుకు పొద్దున ప్యాసింజరు ఉంది.

స్టేషను బయట జట్కా అతను గని దాకా అర్ధరూపాయి అడిగాడు. "పాట ఇననీకి గనికి పోతవా? మీ ఊర్ల రేడియో లేదా?" అని దారంతా నవ్వాడు.

గనిలో ఆడవాళ్ళు జొన్నరొట్టెలు తింటున్నారు. పాడమని అడిగితే గొల్లున నవ్వారు.

"ఉత్తచేతులతోని గా పాట రాదు కొడుకా," అంది వాళ్ళలో పెద్దామె సాయమ్మ. "సినిమోళ్ళు గూడ గిట్లనే కూసొవెట్టి పాడుమన్నరు. నోరు పెగల్లే. బండ లేపినంకనే పాట లేచింది." తర్వాత గొంతు తగ్గించింది. "ముందుగాల పాట ఎత్తుకునే పిల్ల కనవడ్డదా? నా బిడ్డ. సేడం దిక్కు ఇచ్చినం. లగ్గమైనంక మల్ల చూడలే."

కనిపించిందన్నాను. టాకీసు గుడారం రేపే ఎత్తేస్తారని, సాయంత్రం రైలుకు వస్తే మొదటి ఆట అందుతుందని చెప్పాను. సాయమ్మ మేస్త్రి వైపు చూసింది.

"ఎడ్లబండి నిండినంక పో," అన్నాడతను.

నేనూ ఒక చెయ్యి వేశాను. "కలం పట్టే చేతులు! కాలి మీద ఏసుకునేవు, పైలం!" అని ఒకామె వెక్కిరించింది. రాయి లేవగానే పాట లేచింది. అది ఎడ్లబండి మీదికి దిగగానే, చరణం మధ్యలోనే, అందరూ ఆపేశారు.

"మిగతాది?" అన్నాను.

"బరువు దిగినంక ఇంకేం పాట?" అంది సాయమ్మ.

రైలు అందింది. గుడారంలో సాయమ్మా నేనూ నేల మీద ముందు వరసలో కూర్చున్నాం. వలలవాళ్ళను చూసి "గీళ్ళు గూడ మనలెక్కనే," అంది. తెర మీద కూతురు కనబడింది. రాయి ఒక పక్కకు వాలింది. సాయమ్మ చేతులు చాచి లేచి నిలబడింది. "జర మూల పట్టు బిడ్డా!"

"అవ్వా, కూసో!" అని వెనక నుంచి కేకలు.

రాయి దిగింది, పాట ఆగింది. అప్పుడు కూర్చుంది. "మంచిగనే దించింది," అంది.

తెగిపోయిందని నేను అనుకున్న పాట మొదటి నుంచీ పూర్తిగానే ఉంది. ఎత్తిన బరువు ఎంతసేపో పాటా అంతసేపే. ఆ రాత్రి సాయమ్మ మా ఇంట్లోనే పడుకుంది. గని చూడబోయేవాళ్ళకు ఒక్క మాట: పొద్దున ప్యాసింజరే మేలు, అది తాండూరు దాటి సేడం దాకా కూడా పోతుంది. ఆ సంగతి మర్నాడు టికెట్ల కిటికీ దగ్గర సాయమ్మే అడిగి తెలుసుకుంది. తాండూరుకు అడగవలసిన టికెట్టు సేడానికి అడిగింది.