మస్కట్ బీచ్‌లో మామ నేసిన లుంగీ

సెలవు కదా అని ఈరోజు ఇక్కడ మస్కట్‌లో బీచ్‌కి వెళ్ళాం. కూర్చోవడానికి మా ఆవిడ ఊరి నుంచి తెచ్చిన కొత్త లుంగీని ఇసుక మీద పరిచింది. నేను అడుగు వేయబోతే ఒకటే అరుపు.

"కాలు పెట్టబాకండి! పొదటూరుపేటలో మా నాయిన మగ్గం మీద నేసినాడు!"

"మరి పరిచిందెందుకు?"

"పరిచినాక మనసొప్పలేదు."

చెరో కొస పట్టుకుని దులుపుతుంటే, ఓ ఒమానీ పెద్దాయన ఆగి, అంచు తడిమి చూసి, అమ్ముతారా అని ఇంగ్లీషులో అడిగాడు.

"నో సేల్. మై ఫాదర్!" అంది మా ఆవిడ తలెత్తి.

చివరికి మేం ఇసుకలో కూర్చున్నాం, లుంగీ ఆవిడ ఒళ్ళో కూర్చుంది.

సాయంత్రం ఫోన్‌లో చెబితే మామ పొంగిపోయాడు. "అంచు తడిమినాడా? అయితే గుడ్డ తెలిసినోడే!"

మీ ఇంట్లో ఏ బట్టకైనా ఇంత మర్యాద ఉందా? మా ఇంట్లో అల్లుడికి కూడా లేదు!