షెడ్డు పిల్లలకు సెలవు

ఊళ్ళో ఆమెను బొంగరం టీచర్ అంటారు. ఆమె కూర్చోగా చూసినవాళ్ళు లేరు. చిన్నబడిలో ఆమె కుర్చీ మీద ఎప్పుడూ పిల్లల స్వెట్టర్లు, గాలి పోయిన బంతి తీరిగ్గా కూర్చుని ఉంటాయి. ఆమె మాత్రం ఒకడి ముక్కు తుడిచి, ఇంకొకదాని చెప్పులు కుడిఎడమలు సరిచేసి, మూడోవాడి నోట్లోంచి సుద్దముక్క లాగి, కిటికీ దాకా వెళ్ళి మళ్ళీ వస్తుంది.

పెళ్ళై ఈ ఊరికి వచ్చిన ఏడాదే ఈ పనిలో చేరింది. అప్పట్లో గది నిండా ఊరి పిల్లలే. మొహం చూసి ఫలానావాళ్ళ మనవడని చెప్పేసేది. ఇప్పుడా మనవలు పట్నంలో పుట్టి పట్నంలోనే పెరుగుతున్నారు. వాళ్ళ చాపల మీద ఇప్పుడు ఎక్కువగా, పళ్ళు పెట్టెలకెత్తే షెడ్డులో పనికి పైనుంచి వచ్చినవాళ్ళ పిల్లలు కూర్చుంటున్నారు. వాళ్ళ ఇంటి భాష వేరు. కొత్తలో వారాల తరబడి నోరు విప్పరు. టీచర్ చెయ్యి పట్టుకుని గదంతా ఆమె వెనకే తిరుగుతారు.

ఏటా జిల్లా నుంచి ఒకావిడ పరీక్ష పెట్టడానికి వస్తుంది. బొమ్మ చూపించి పేరు చెప్పమంటుంది. చెప్పకపోతే సున్నా. కత్తెరతో ఏం చేస్తారో తెలిసిన పిల్లకి ఆ పేరు మన భాషలో రాకపోతే, ఏమీ రానట్టే లెక్క. ఇదేం న్యాయమని అడిగిన పెద్దమనిషి ఒక్కడూ లేడు. పోయినేడు జిల్లాలోని చిన్నబళ్ళన్నిట్లో వీళ్ళది అట్టడుగున పడింది.

ఈసారి పరీక్షకు ముందురోజు సాయంత్రం బావగారు వచ్చాడు. టీచర్ భర్తకు అన్న, బడి కమిటీకి పెద్ద.

"అమ్మాయ్, రేపు ఆ షెడ్డు పిల్లల్ని రావద్దను."

"అదేంటి బావగారూ?"

"అదేంటంటావేంటి? మళ్ళీ అడుగున పడితే బడి మూసేసి పక్క ఊరి బడిలో కలిపేస్తారు. మూడేళ్ళ పిల్లలు అంత దూరం ఎలా పోతారు? వాళ్ళ మంచికే చెప్తున్నా."

"వాళ్ళ మంచి కోసం వాళ్ళనే రావద్దనాలా?"

"ఒక్కరోజుకి ఆకాశం విరిగి మీద పడదులే."

టీచర్ గదిలో గుండ్రంగా తిరిగింది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. బడి పోతే ఈ పిల్లలు పళ్ళపెట్టెల మధ్యే పెరుగుతారు. ఆ భయమే ఆమెను షెడ్డు గేటు దాకా నడిపించింది. అక్కడ పెట్టెలకు టేపు వేసే ఆవిడను అందరూ టేపక్క అంటారు. చేతికి గాజుల్లా టేపు చుట్టలు తగిలించుకుని ఉంటుంది.

"రేపు బడికి సెలవు, అందరికీ చెప్పు," అంది టీచర్.

"ఏం సెలవు?"

"ఉత్త సెలవే," అని, ఆమె మొహం చూడకుండా తిరిగొచ్చేసింది.

మర్నాడు ఊళ్ళో మిగిలిన కొద్దిమంది పిల్లలూ చిలకల్లా పేర్లు అప్పజెప్పారు. బావగారు మీసం దువ్వుకున్నాడు. పరీక్షావిడ కార్డులు సర్దుకుని చుట్టూ చూసింది.

"మిగతావాళ్ళేరీ?"

"మాకున్నది వీళ్ళేనండీ," అన్నాడు బావగారు.

"అయితే ఇంక బడెందుకు? మార్కులు తగ్గితే ఇంకో టీచర్ని ఇస్తారు. పిల్లలు తగ్గితే తలుపుకి తాళం వేస్తారు. ఎక్కడ చూసినా దొంగ హాజర్లే. అందుకే కళ్ళతో చూసినవాళ్ళనే లెక్క రాసుకోమన్నారు."

బావగారి మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మధ్యాహ్నం దాకా ఉంటారు కదండీ?" అంటూనే టీచర్ గుమ్మం దాటింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

షెడ్డులో టేపక్క పని ఆపలేదు. సంగతంతా విని, సర్రుమని టేపు లాగింది.

"నిన్న వద్దు, ఇవాళ కావాలి. మా పిల్లలేమైనా గొడుగులా టీచరమ్మా, వానొస్తే తెరవడానికి, ఎండొస్తే మూల పడెయ్యడానికి?"

"తప్పైపోయింది. సెలవు కాదు, అబద్ధం చెప్పాను. మీ పిల్లలుంటే మార్కులు పోయి బడి మూసేస్తారన్నారు. నేనూ సరేనన్నాను."

టేపు తెగింది. టేపక్క తెగిన కొసను పెట్టెకి అంటించింది.

"పంపిస్తా. కానీ కమిటీలో నాకో కుర్చీ వెయ్యాలి. మా పిల్లల గురించి మాకు తెలియకుండా ఇంక మాట వద్దు."

"నా కుర్చీయే వేస్తా."

పళ్ళ బండి మీద పిల్లలు వచ్చారు, కేరింతలు కొడుతూ. పరీక్షావిడ తలలు లెక్కపెట్టుకుంది. తర్వాత టేపక్క కూతురికి కత్తెర బొమ్మ చూపించింది. పిల్ల రెండు వేళ్ళు తెరిచి మూసి, తన భాషలో ఏదో అంది.

"అది కత్తెరేనండీ!" అంది టీచర్.

"అర్థమైంది. నా కాగితంలో ఆ మాటకు గడి లేదు," అని పరీక్షావిడ సున్నా వేసింది.

బడి నిలబడింది, అట్టడుగునే.

సాయంత్రం కమిటీ కూర్చున్నప్పుడు టీచర్ తన కుర్చీ మీది స్వెట్టర్లు, బంతి తీసేసి, దాన్ని బావగారి పక్కకు లాగింది. టేపక్క చేతి టేపులు విప్పకుండానే అందులో కూర్చుంది.

"ముందు ఇది చెప్పండి. ఆ సెలవు ఎవరిచ్చారు?"

బావగారు టీచర్ వైపు చూశాడు. కిటికీ దాకా వెళ్ళిన టీచర్ వెనక్కి వచ్చి, ఆయన ఎదురుగా నిలబడింది.

"చెప్పండి బావగారూ. మీరు చెప్పాక నా వంతు నేను చెప్తా."